చక్రాల మీద ఇల్లు: విదేశీ ప్రయాణానికి బండి ఎంచుకోవడం ఎలా?



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం మీకు కొంచెం వింతగా అనిపించవచ్చు. విదేశాల్లో నెలల తరబడి తిరగాలనుకునేవారు హోటళ్లలో దిగకుండా, పడక, వంటిల్లు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న బండిలోనే కాపురం ఉంటూ ప్రయాణిస్తారు. అటువంటి బండిని క్యాంపర్‌వాన్ అనో, మోటార్‌హోమ్ అనో పిలుస్తారు. మన సినిమా షూటింగుల దగ్గర తారలు విశ్రాంతి తీసుకునే ‘క్యారవాన్’ మీకు తెలుసు కదా! ఇది దానికి దగ్గరి చుట్టం. ఇలాంటి బండిని ఎలా ఎంచుకోవాలి? “దీనితో మాకేం పని?” అనుకోకండి. ఈ ఎంపికలో మీరు తరగతి గదిలో చదువుకున్న భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లెక్కలు, భూగోళం అన్నీ కలిసి వస్తాయి. ఎక్కడ లెక్క తప్పితే అక్కడ డబ్బో, ప్రాణమో పోతుంది.

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఎందరో రైలు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మథురాకాటిలో, నింపురాలో, న్యూ సెటిల్‌మెంట్‌లో నడుస్తూ ఉంటే తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక ప్రధానంగా ఉన్నది ఈ ఊరే.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నేను ఆయన్ని బాబాయి అంటాను. రైల్వేలో ట్రాక్ మెషీన్ల మీద పనిచేసి పదవీ విరమణ చేశారు. కొడుకు ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక సాయంత్రం బాబాయి మా ఇంటికి వచ్చి, “బాబూ, నేనూ మీ పిన్నీ ఆర్నెల్లు ఆ దేశం తిరుగుదామనుకుంటున్నాం. ఇల్లులాంటి బండి కొనుక్కోమంటున్నాడు అబ్బాయి. ఏటి కొనాలో నాకు తెలీదు. ఉన్నది పీఎఫ్ డబ్బు. అది పోతే మళ్లీ రాదు” అన్నారు. ఈ ప్రసంగం అంతా ఆ ప్రశ్నకు జవాబే.

బాబాయికి తెలిసిన సంగతి

నేను మొదట ఆయన్నే ఒక ప్రశ్న అడిగాను: “క్యాంపు కోచ్‌లో ఎన్నేళ్లు ఉన్నారు?”

క్యాంపు కోచ్ అంటే ఏమిటో చెబుతాను. పట్టాల కింద స్లీపర్ల చుట్టూ ఉన్న కంకరను బిగించే ట్యాంపింగ్ యంత్రాలను మీరు చూసే ఉంటారు. ఆ యంత్రం ఇవాళ ఒక స్టేషన్ దగ్గర, వచ్చే వారం ఇంకో స్టేషన్ దగ్గర పనిచేస్తుంది. దానితోపాటే సిబ్బందీ కదలాలి. అందుకని సైడింగులో నిలిపి ఉంచిన రైలు పెట్టెలోనే పడక, వంట, స్నానం. అదే క్యాంపు కోచ్. అంటే బాబాయి ఉద్యోగ జీవితంలో చాలా భాగం చక్రాల మీద ఇంట్లోనే గడిచింది! ఆ మాట అనగానే ఆయన నవ్వారు. “అవును గానీ, దాన్ని ఇల్లనుకోలేదు” అన్నారు.

క్యాంపు కోచ్‌లో ఉన్నవాడికి నాలుగు సంగతులు ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, మురుగు ఎక్కడికి పోవాలి, వేడిని ఎలా తట్టుకోవాలి, తోటివాడితో ఇరుకులో ఎలా సర్దుకోవాలి. బండి ఎంపికలో సగం ఈ నాలుగే. మిగిలిన సగం బరువు, విద్యుత్తు, గ్యాసు, చట్టం. ఒక్కొక్కటే చూద్దాం.

బండ్లు ఎన్ని రకాలు?

ముఖ్యంగా నాలుగు రకాలు. మొదటిది చిన్న క్యాంపర్‌వాన్. మామూలు వ్యానులో పడక, చిన్న పొయ్యి అమరుస్తారు. కొన్నింటిలో పైకప్పు పైకి లేస్తుంది. నడపడం తేలిక, కానీ మరుగుదొడ్డి సాధారణంగా ఉండదు. రెండవది ఎత్తు కప్పు వ్యాను. లోపల నిలబడవచ్చు, చిన్న స్నానాల గది పడుతుంది. మూడవది మోటార్‌హోమ్. ట్రక్కు లేదా వ్యాను చాసిస్ మీద విడిగా గది కట్టినది. విశాలంగా ఉంటుంది, బరువూ ఎక్కువే. నాలుగవది కారు వెనుక తగిలించుకుని లాగే కారవాన్. దాన్ని శిబిరంలో వదిలి కారులో ఊరు తిరిగి రావచ్చు, కానీ రివర్సు చేయడం కొత్తవారికి చాలా కష్టం.

“పెద్దదే మంచిది కదా?” అని మీరు అనుకోవచ్చు. ఒక చిన్న లెక్క చేద్దాం. మోటార్‌హోమ్ పక్క గోడ 7 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. వైశాల్యం 21 చదరపు మీటర్లు. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల వేగంతో పక్కగాలి వీస్తే, ఒక్కొక్క చదరపు మీటరు మీద దాదాపు 135 న్యూటన్ల ఒత్తిడి పడుతుంది. మొత్తం సుమారు 2,835 న్యూటన్లు. అంటే దాదాపు 290 కిలోల బరువంత బలం బండిని పక్కకు తోస్తున్నట్లు. 6 మీటర్ల పొడవు, 2.6 మీటర్ల ఎత్తు ఉన్న వ్యాను మీద ఇదే గాలి సుమారు 215 కిలోల బరువంత బలాన్ని చూపుతుంది. అరవై దాటిన వ్యక్తి, కొత్త దేశంలో, కొత్త రోడ్డు మీద స్టీరింగు పట్టుకున్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

గూడ్సు పెట్టె నేర్పే పాఠం

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలో ఇదే పొడవైనది. తర్వాత 2023లో హుబ్బళ్లి ఆ పేరు తీసుకుంది. అంత పొడవైన ప్లాట్‌ఫారం మీద నిలబడితే గూడ్సు బండి నెమ్మదిగా సాగిపోతూ కనిపిస్తుంది. ప్రతి పెట్టె మీద దాని ఖాళీ బరువు ఎంతో, ఎంత సరుకు మోయగలదో రాసి ఉంటుంది. ఖాళీ బరువునే ‘టేర్’ అంటారు. బొగ్గు మోసే బాక్స్-ఎన్ రకం పెట్టె ఖాళీ బరువు 22.47 టన్నులు. అది మోసే సరుకు 58.81 టన్నులు. మొత్తం 81.28 టన్నులు. నాలుగు ఇరుసుల మీద సమానంగా పంచితే ఒక్కొక్క ఇరుసు మీద 20.32 టన్నులు. అంటే ఆ పెట్టె తన బరువుకు రెండున్నర రెట్లకు పైగా మోస్తుంది.

మోటార్‌హోమ్ ఇందుకు పూర్తిగా తలకిందులు. మొత్తం అనుమతించిన బరువు 3,500 కిలోలు, ఖాళీ బరువు 2,900 కిలోలు అనుకుందాం. మోయగలిగింది 600 కిలోలే. తన బరువులో అయిదో వంతు! ఎందుకంటే గోడలు, మంచం, అల్మారాలు, పొయ్యి ఇవన్నీ అప్పటికే దానిలో కూర్చుని ఉన్నాయి.

ఇప్పుడు బాబాయి, పిన్ని ఎక్కుతారు. ఆస్ట్రేలియాలో ఖాళీ బరువు లెక్కలో 10 లీటర్ల ఇంధనమే చేరుస్తారు కాబట్టి, ట్యాంకు నింపడానికి ఇంకో 60 కిలోలు. నీళ్లు 100 లీటర్లు, అంటే 100 కిలోలు. ఇద్దరు మనుషులు 140. గ్యాసు సిలిండర్లు 16. పక్కకు పరిచే నీడ గుడ్డ, దాని చట్రం 30. అదనపు బ్యాటరీ 25. తిండి సరుకులు, గిన్నెలు 50. బట్టలు, దుప్పట్లు 50. కుర్చీలు, బల్ల 15. పనిముట్లు, తాళ్లు 30. కూడండి. 516 కిలోలు. మిగిలింది 84. కొడుకు వారం రోజులు సెలవు పెట్టి వస్తానన్నాడు. అతను 75 కిలోలు, సంచి 15 కిలోలు. మొత్తం 90. బండి పరిమితి దాటిపోయింది!

“ఆరు కిలోలే కదా” అనకండి. పరిమితి దాటితే బ్రేకులు, టైర్లు వాటికి నిర్ణయించిన భారానికి మించి పనిచేస్తున్నట్లు లెక్క. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఈ లెక్కే కావచ్చు. ఇంకో సంగతి గమనించండి. తాగే నీళ్లు వాడేస్తే బరువు తగ్గిందని అనుకుంటారు. గిన్నెలు కడిగిన నీళ్లు కింద మురుగు ట్యాంకులోకి చేరతాయి. దాన్ని ఖాళీ చేసేవరకు బరువు బండిలోనే ఉంటుంది.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు అనుకోండి. వెనుక ఇరుసుకు 2 మీటర్లు వెనక్కి 50 కిలోల సామాను కట్టారు. తులాదండ సూత్రం ప్రకారం వెనుక ఇరుసు మీద పెరిగే భారం 50 కాదు, 75 కిలోలు. ముందు ఇరుసు మీద 25 కిలోలు తగ్గుతుంది. స్టీరింగు తిరిగేది ముందు చక్రాలతో. అవి తేలికపడితే పట్టు తగ్గుతుంది. అందుకే బరువైన వస్తువులు కింద, ఇరుసుల మధ్య పెట్టాలి. తేలికైనవి పైన పెట్టాలి. బండి కొనేముందు సామాను అంతా నింపి వేబ్రిడ్జి మీద తూయించడం అన్నిటికన్నా మంచి పరీక్ష.

లైసెన్సు ఒక్కటే, హద్దులు వేరు

మన దేశంలో తేలికపాటి మోటారు వాహనం లైసెన్సుతో 7,500 కిలోల వరకు ఉన్న బండి నడపవచ్చు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రవాణా వాహనాల విషయంలోనూ ఇదే హద్దును ఖాయం చేసింది. కానీ ఈ హద్దు సరిహద్దు దాటి మనతో రాదు. కారు లైసెన్సుతో నడపగలిగే బరువు న్యూజీలాండ్‌లో 6,000 కిలోలు, ఆస్ట్రేలియాలో 4,500 కిలోలు. ఐరోపాలో చిరకాలంగా ఉన్న హద్దు 3,500 కిలోలు. అక్కడి నిబంధనలు ఇప్పుడు మారుతున్నాయి కాబట్టి బయలుదేరే ముందు ఆ దేశపు అధికారిక సమాచారం చూసుకోవాలి. అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్‌ను మన ప్రాంతీయ రవాణా కార్యాలయమే ఇస్తుంది. అది గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు వెంట లేకపోతే దానికి విలువ లేదు.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్‌లలో మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఐరోపా ఖండంలో, అమెరికాలో కుడివైపు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఇంటి భాగం తలుపు ఫుట్‌పాత్ వైపు తెరుచుకోవాలి. బ్రిటన్ నుంచి తెచ్చిన బండిని ఫ్రాన్సులో రోడ్డు పక్కన ఆపితే ఆ తలుపు వాహనాలు పోయే వైపు తెరుచుకుంటుంది. పిల్లలున్న కుటుంబానికి ఇది ప్రాణాపాయం.

వీసా గడువు కూడా బండి ఎంపికలో భాగమే. ఉదాహరణకు, ఐరోపాలోని షెంగెన్ దేశాలలో సందర్శకుడు ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండవచ్చు. ఆరు నెలల కోసం బండి కొని మూడు నెలలకే వెనక్కి రావలసి వస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది. కాబట్టి వీసా ముందు, బండి తర్వాత.

తీసుకెళ్లాలా, కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

ఇక్కడి నుంచి బండి తీసుకెళ్లేవారూ ఉన్నారు. ఖరగ్‌పూర్ దూర ప్రయాణాల బాటకు కొత్త కాదు. కోల్‌కతా నుంచి వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్క నుంచే శ్రీకాకుళం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళుతుంది. 1955-56లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు రెండు ల్యాండ్‌రోవర్ బండ్లలో లండన్ నుంచి బయలుదేరి మన దేశం మీదుగా సింగపూర్ చేరారు. 1957లో లండన్ నుంచి కలకత్తాకు బస్సు ప్రయాణమే మొదలైంది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం తర్వాత ఆ దారి దాదాపు మూసుకుపోయింది. బండి ఎంత గట్టిదైనా, దారి తెరిచి ఉందా లేదా అన్నది రాజకీయాలు నిర్ణయిస్తాయని దీని నుంచి తెలుసుకోవాలి.

సొంత బండి తీసుకెళ్లడానికి చాలా దేశాలలో ‘కార్నే’ అనే కస్టమ్స్ పత్రం అవసరం. ఈ బండిని మీ దేశంలో అమ్మను, తిరిగి తీసుకెళతాను అని ఇచ్చే హామీ అది. దానికి పెద్ద మొత్తం పూచీ కట్టాలి. ఓడలో కంటైనరులో పంపాలంటే ఎత్తు చూడాలి. మామూలు కంటైనరు తలుపు ఎత్తు దాదాపు 2.28 మీటర్లు, ఎత్తైన రకానిది దాదాపు 2.58 మీటర్లు. ఎత్తు కప్పు బండ్లు చాలావరకు అందులో పట్టవు. ఆస్ట్రేలియాలో అయితే బండి అడుగున మట్టి కనిపించినా కడిగించేవరకు వదలరు. ఆరు నెలల ప్రయాణానికి ఈ దారి బాబాయికి తగదని తేలిపోయింది.

మిగిలినవి కొనడం, అద్దె. ఉదాహరణగా అంకెలు తీసుకుందాం. అద్దె రోజుకు 120 డాలర్లు అనుకుంటే 180 రోజులకు 21,600. కొంటే 40,000 పెట్టి కొని, చివర 30,000కు అమ్మామనుకోండి. 10,000 పోయింది. బీమా, రిజిస్ట్రేషన్, మరమ్మతులకు 5,000. మొత్తం 15,000. 15,000ను 120తో భాగిస్తే 125 రోజులు. అంటే 125 రోజులకు మించి తిరిగితేనే కొనడం లాభం.

కానీ తిరుగు టికెట్టు తేదీ దగ్గరపడి, తొందరలో బండిని 22,000కే అమ్మవలసి వచ్చిందనుకోండి. నష్టం 18,000, పై ఖర్చు 5,000. మొత్తం 23,000. అద్దె కన్నా ఎక్కువైంది! కాబట్టి కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న “ఎంతకు ఇస్తారు?” కాదు. “నేను వెళ్లిపోయే రోజున దీన్ని ఎవరు, ఎంతకు కొంటారు?” అన్నది. నేను వెళ్లాక అమ్మిపెట్టడానికి అక్కడ నమ్మకమైన మనిషి ఉంటే లెక్క మారుతుంది. బాబాయికి కొడుకు ఉన్నాడు.

విద్యుత్తు: కోరికలకు కొలత

బండి నిలిపినప్పుడు విద్యుత్తు బ్యాటరీ నుంచి వస్తుంది. 12 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి, అంటే 600. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే 1,000 దాకా వాడుకోవచ్చు, బరువూ తక్కువ, ధర ఎక్కువ.

ఖర్చు చూద్దాం. చిన్న ఫ్రిజ్ 40 వాట్లు, రోజులో 8 గంటలు నడిస్తే 320. ఫ్యాను 20 వాట్లు, 8 గంటలు, 160. దీపాలు 50. ఫోన్లు, ల్యాప్‌టాప్ 100. మొత్తం 630 వాట్-అవర్లు. కప్పు మీద 200 వాట్ల సౌర ఫలకం ఉండి, నాలుగు గంటల మంచి ఎండకు సమానమైన వెలుతురు దొరికితే 800. నష్టాలు పోను 600. ఇంచుమించు సరిపోయింది. ఇక ఏసీ కావాలంటే? 1,000 వాట్లు, 8 గంటలు, 8,000 వాట్-అవర్లు. మొత్తం రోజు ఖర్చుకు పన్నెండు రెట్లకు పైగా! అందుకే ఏసీ నడవాలంటే క్యాంపు మైదానంలో కరెంటు తీగ తగిలించుకోవలసిందే.

2020లో కరోనా సమయంలో భారతీయ రైల్వే 5 వేలకు పైగా పెట్టెలను ఐసొలేషన్ కోచ్‌లుగా మార్చింది. మధ్య బెర్తులు తీసేశారు, ఒక మరుగుదొడ్డిని స్నానాల గదిగా మార్చారు. అంతా బాగానే ఉంది గానీ, వేసవిలో ఏసీ లేని పెట్టెలు వేడెక్కిపోవడం పెద్ద సమస్య అయింది. రేకు పెట్టెలో ఏమి అమర్చారన్నదానికన్నా, గోడలో ఉష్ణనిరోధకం ఉందా, గాలి ఆడుతుందా అన్నది ముందు చూడాలని అది చెప్పిన పాఠం. వేడి రాకుండా ఆపడం, వచ్చిన వేడిని తోడెయ్యడం కన్నా ఎప్పుడూ చవక.

భూగోళం కూడా గుర్తుంచుకోండి. అది దక్షిణార్ధగోళం. అక్కడ జూన్, జూలై చలికాలం. ఫలకాన్ని ఉత్తరం వైపు వాల్చాలి. ఉత్తర ఆస్ట్రేలియాలో నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వర్షాలు. కాబట్టి ఉత్తర ప్రాంతాన్ని మే, సెప్టెంబరు నెలల మధ్య చూడాలి.

గ్యాసు: మరచిపోకూడని మాట

వంట గ్యాసులో ముఖ్యంగా రెండు వాయువులు ఉంటాయి, బ్యూటేన్, ప్రొపేన్. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 0.5 డిగ్రీలు. ప్రొపేన్‌ది మైనస్ 42 డిగ్రీలు. చలి దేశంలో రాత్రి సున్నా కన్నా తగ్గితే బ్యూటేన్ ఎక్కువగా ఉన్న సిలిండరు నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. ద్రవం ఆవిరి కాదు కదా! సిలిండరు బిగింపులు కూడా దేశానికొక రకంగా ఉంటాయి.

ఈ రెండు వాయువులూ గాలికన్నా బరువు. కారితే నేల మీద నీళ్లలా పరుచుకుంటాయి. అందుకే మంచి బండిలో గ్యాసు అర అడుగున రంధ్రం ఉంటుంది. ఎవరైనా దానిలోంచి గాలి వస్తోందని గుడ్డ కుక్కి ఉంటే వెంటనే తీసెయ్యండి.

అంతకన్నా ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా దానితో 200 రెట్లకు పైగా ఎక్కువ బంధం. చలి వేస్తోందని తలుపులు మూసి, పొయ్యి వెలిగించుకుని పడుకున్నవారు మళ్లీ లేవకపోవచ్చు. పొయ్యి వంటకే, వెచ్చదనానికి కాదు. గ్యాసు లీకు, మోనాక్సైడ్ హెచ్చరిక పరికరాలు లేని బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

నీళ్లు, మరుగుదొడ్డి, దూరాలు

ఒక్కొక్కరికి రోజుకు 10 లీటర్లు పొదుపుగా వాడితే, ఇద్దరికి 100 లీటర్లు అయిదు రోజులు వస్తాయి. న్యూజీలాండ్‌లో మైదానాలలో ఉచితంగా రాత్రి ఆపుకోవాలంటే ‘సెల్ఫ్ కంటెయిన్డ్’ ధ్రువపత్రం కావాలి. 2023లో వచ్చిన చట్టం ప్రకారం దానికి బండిలో బిగించిన మరుగుదొడ్డి తప్పనిసరి. ఎత్తి పక్కన పెట్టే డబ్బా చాలదు. కాబట్టి పాత బండి చవకగా వస్తుంటే ఎందుకు చవకో అడగండి.

దక్షిణ ఆస్ట్రేలియా నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్లే దారిలో నల్లార్బార్ మైదానం ఉంది. అక్కడి రైలు మార్గంలో 478 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేదు. ప్రపంచంలో అంత పొడవైన తిన్నని రైలు మార్గం మరొకటి లేదు. ఈ మాట వినగానే బాబాయి కళ్లు మెరిశాయి! అటువంటి చోట పెట్రోలు బంకుల మధ్య దూరాలు ఎక్కువ. నీళ్లు, ఇంధనం ముందే నింపుకోవాలి. సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి కాబట్టి చీకటి పడకముందే బండి ఆపాలి. పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో పళ్లు, కూరగాయలు, తేనె తీసుకుంటారు. ఇక్కడి నుంచి పచ్చళ్లు, పొడులు తీసుకెళితే విమానాశ్రయంలో దాచకుండా ప్రకటించాలి.

పిన్ని అడిగిన ప్రశ్న

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేస్తూ ఉండగా, అంతసేపూ మౌనంగా కూర్చున్న పిన్ని ఒక మాట అడిగింది. “రోజూ రాత్రి బల్ల మడిచి, పరుపులు సర్ది మంచం చెయ్యాలా? తెల్లారి మళ్లీ తియ్యాలా?”

అవును. చాలా చిన్న వ్యాన్లలో భోజనాల బల్లే రాత్రి మంచం అవుతుంది. సెలవుకు రెండు రోజులు వెళ్లినవారికి అది సరదా. మోకాళ్ల నొప్పులున్న మనిషికి 180 రాత్రులు, 180 పొద్దులు. మొత్తం 360 సార్లు. ఆ లెక్క నేను వెయ్యలేదు, బాబాయీ వెయ్యలేదు. ఆయన క్యాంపు కోచ్‌లో ఉన్నన్నాళ్లూ పిన్ని ఖరగ్‌పూర్‌లోనే పిల్లలతో ఉండిపోయింది. చక్రాల మీద ఇంట్లో ఆమె ఉండబోయేది ఇదే మొదటిసారి. బండిని ఎంచుకోవలసిన వ్యక్తి ఎవరో అప్పుడు నాకు అర్థమైంది.

చివరికి వారు తీసుకున్న నిర్ణయం ఇది. ముందుగా రెండు వారాలు అద్దె బండి. మంచం స్థిరంగా ఉన్న, లోపల నిలబడగలిగే, మరుగుదొడ్డి ఉన్న ఎత్తు కప్పు వ్యాను. ఆ రెండు వారాల్లో చూడవలసినవి రాసుకున్నారు: రాత్రి మూడు గంటలకు ఒకరు లేస్తే రెండోవారు లేవకుండా దిగగలరా? అన్నం, పప్పు వండాక బండంతా ఆవిరి నిండుతోందా? మురుగు ట్యాంకు ఎవరు ఖాళీ చేస్తారు? బాబాయి రివర్సు చేస్తుంటే పిన్ని దిగి చెప్పే సైగలు ఆయనకు అర్థమవుతున్నాయా? వైద్య బీమాలో పాత జబ్బులు చేరతాయా అన్నది బయలుదేరకముందే తేల్చుకోవాలి. ఇవన్నీ కుదిరితే ఆరు నెలలకు కొనడం. కుదరకపోతే రెండు వారాల అద్దెతో పోయింది. పీఎఫ్ డబ్బు పదిలం.

విద్యార్థులారా! మీలో చాలామంది రేపు చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళతారు. మిత్రులతో కలిసి ఇలాంటి బండి కొనాలనుకోవచ్చు, అమ్మానాన్నలను తిప్పాలనుకోవచ్చు. ఫోటోలో బండి అందం కనిపిస్తుంది. టేర్ బరువు కనిపించదు. ఆ కనిపించనిదాన్ని అడిగి తెలుసుకోవడమే చదువు.

ఈసారి స్టేషనుకు వెళ్లినప్పుడు ఆగి ఉన్న గూడ్సు పెట్టె మీద అంకెలు చదవండి. అది తన బరువుకు ఎన్ని రెట్లు మోస్తుందో లెక్క కట్టండి. తర్వాత మీ ఇంట్లో ఒక్క రోజు ఎన్ని లీటర్ల నీళ్లు, ఎన్ని వాట్-అవర్ల విద్యుత్తు వాడుతున్నారో రాయండి. ఆ ఇల్లు 600 కిలోల సామానుతో, 100 లీటర్ల నీళ్లతో నడవాలంటే ఏవి ఉంచుతారు, ఏవి వదిలేస్తారు? ఆ జాబితా ఒక్కరే రాయకండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి రాయండి. పిన్ని లాంటి ప్రశ్న అడిగేవారు మీ ఇంట్లోనూ ఉంటారు.